గొళ్ళెం చావదని పందెం

మా ఇంట్లో పుస్తకాలు చదవడం తక్కువ, కుట్టడం ఎక్కువ. లైబ్రరీ నుంచి వీపు విరిగిన పుస్తకాలు సంచిలో వస్తాయి. పాత కుట్లు విప్పి, చిరిగిన మడతలకు పలచటి కాగితం అతికించి, వరసన పేర్చి, మళ్ళీ కుట్టి, అట్ట వేసి ప్రెస్సులో బిగిస్తాం. ఆరాక అదే సంచిలో తిరిగి వెళతాయి. జిగురు కాయడం, అతకడం, పేర్చడం నా భార్య పని. దబ్బనం నాది. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. కుట్టడానికి అది చాలు. చదవడానికి కూడా, తొందర లేకపోతే సరిపోతుంది.

పదహారు పేజీల మడతను ఫారం అంటాం. ఇరవై పైచిలుకు ఫారాలు కలిస్తే ఒక లావుపాటి పుస్తకం. వరస తప్పితే కథ తప్పుతుంది. అందుకని కుట్టే ముందు వరస సరిచూడాలి. ఆ పని పిల్లలిద్దరిదీ. పెద్దది ఒక ఫారంలో ఆఖరి మాట చదివేది. చిన్నది తరవాతి ఫారంలో మొదటి మాట అందుకునేది. రెండూ అతికితే ఆ ఫారం నా ఒళ్ళోకి వచ్చేది. పేజీ నంబర్లు చూసుకుంటే పోయేదానికి ఇదేం చాదస్తమని ఒకసారి అడిగాను.

“నంబర్లు చూస్తే నిద్రొస్తుంది నాన్నా” అంది చిన్నది.

నిద్రేమో గాని, అల్లరికి లోటుండేది కాదు. ఒకసారి వైద్యం పుస్తకం కుడుతున్నాం. పెద్దది “రోగికి వెంటనే” అని ఆగింది. చిన్నది పక్కనున్న నవలలోంచి ఫారం లాగి “మూడు ముళ్ళూ వేసేశాడు” అని చదివింది. జిగురు గిన్నె దగ్గర వాళ్ళమ్మ నవ్వి నవ్వి గరిట కింద పడేసింది.

బైండింగైన ప్రతి పుస్తకం ఆరిన తరవాత ఒక రోజు మా ఇంట్లో ఉండేది. ఆ ఒక్క రోజులో ఇద్దరూ చదివేసేవారు. అలాగే వాళ్ళకు ‘నిద్రపన్ను’ దొరికింది.

నాలుగు భాగాల కథ. లైబ్రరీలో దానికున్న గిరాకీ ఇంకో పుస్తకానికి లేదు. పిల్లలు వరస కట్టి తీసుకెళ్ళేవారు, వీపు విరగ్గొట్టి తెచ్చేవారు. నేను చదవలేదు కానీ కథంతా తెలుసు. పని చేస్తుంటే చెవిలో పడేది. ఒక నగరం ఉంటుంది. కింది పేటల్లో పుట్టినవాళ్ళు పన్నెండేళ్ళు నిండగానే ప్రభుత్వానికి నిద్ర పన్నుగా కట్టాలి. రాత్రికి ఇన్ని గంటలని లాగేసుకుంటారు. పై పేటల వాళ్ళు ఆ గంటలు తీసుకుని హాయిగా పడుకుంటారు. రెప్ప అనే పిల్ల ఎదురు తిరుగుతుంది. ఆమె చుట్టూ తిరుగుబాటు. అందులో గొళ్ళెం అని ఒక కోటతలుపు కాపలా పిల్ల ఉంది. నోరు పెద్దది, మనిషి పిడికెడు. గోడెక్కి కూర్చుని వచ్చేపోయే సైనికులను ఎగతాళి చేస్తుంటుంది.

పెద్దదానికి రెప్ప ఇష్టం. చిన్నదానికి గొళ్ళెం.

“రెప్ప ఏం చేస్తుందే? ప్రతి అధ్యాయంలో ఒకసారి ఆకాశం కేసి చూస్తుంది. పని చేసేది గొళ్ళెం, పేరు కొట్టేసేది రెప్ప” అనేది చిన్నది.

“గొళ్ళెం చచ్చిపోతుంది చూడు. నవ్వించేవాళ్ళని ఆఖర్న చంపేస్తారు. మనకి ఏడుపు రావాలి కదా.”

“చావదు.”

“చస్తుంది.”

“పందెం?”

“పందెం. ఏంటి?”

“కిటికీ పక్క.”

ఇద్దరిదీ ఒకటే మంచం. ఒక పక్క గోడ, ఒక పక్క కిటికీ. కిటికీ పక్క గాలి వస్తుంది. పెద్దది పుట్టిన దగ్గర్నుంచి ఆ పక్క తనదే. చిన్నది గోడకు మొహం పెట్టి పడుకునేది. ఆ పందెం మూడో భాగం అయ్యాక వేసుకున్నారు. నాలుగోది ఇంకా అచ్చు కాలేదు. నేను దారానికి మైనం రాస్తూ విన్నాను. నన్నెవరూ అడగలేదు, నేనేమీ అనలేదు. నాకున్న అభిప్రాయం ఒకటే. మూడు భాగాల్లో ఒక్కళ్ళు కూడా బట్టలు ఉతుక్కోలేదు. ఆ మాట అప్పుడే అనుంటే చిన్నది వారం రోజులు నవ్వేది. అనలేదు.

నాలుగో భాగం రాకముందే చిన్నదానికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ముగ్గురం ఉన్నాం. చిన్నదాన్ని వేరే బండిలో తెచ్చారు. డ్రైవరు దారిలో ఒకచోట ఆపి, టైరులో గాలి చూసుకుని మళ్ళీ ఎక్కాడు. నాకు బాగా గుర్తున్నది అదే.

తరవాత కొన్నాళ్ళు పని ముట్టుకోలేదు. మళ్ళీ ముట్టుకున్నాం. సంచి వస్తే ఏం చేస్తాం, విప్పుతాం. వరస సరిచూడడం మాత్రం పోయింది. పెద్దది ఆ గదిలోకి రాలేదు. నా భార్య పేర్చేది, నేను నంబర్లు చూసి కుట్టేవాడిని. పెద్దది కాలేజీకి వెళ్ళడం మానేసింది. ఏడవలేదు. పిలిస్తే వచ్చేది, పెడితే తినేది. అడిగితే “ఆ” అనేది, లేదా “ఊహూఁ” అనేది. తెల్లవారి లేచి చూస్తే కళ్ళు తెరుచుకుని ఉండేది. “పడుకున్నావా అమ్మా” అంటే “ఆ” అనేది.

నాలుగో భాగం మా ఇంటికి చెడిపోయి వచ్చింది. మేం పని ఆపిన రోజుల్లో లైబ్రరీ వాళ్ళు దాన్ని ఒక ప్రింటింగు ప్రెస్సుకు పంపారట. వాళ్ళు పక్క నుంచి లావు పిన్నులు కొట్టి, మిషను మీద అంచులు లోతుగా కోసేశారు. కింది అంచుతోపాటు పేజీ నంబర్లు కూడా పోయాయి. పిల్లల చేతుల్లో పిన్నులు ఎంతకాలం ఉంటాయి? ఊడిపోయాయి.

నా భార్య పిన్నులు లాగి, ఫారాలు విడదీసి, మడతలకు కాగితం అతికించి చాప మీద ఆరేసింది. ఆరాక పేర్చింది. పేర్చడం అయ్యాక జిగురు పళ్ళెం ఎత్తితే దాని కింద ఒకటి మిగిలి ఉంది. చివర్లోదేమో అని ఆఖరి ఫారానికి ముందు దూర్చి నాకిచ్చింది. నంబర్లు లేవు. నేను కుట్టాను. ప్రెస్సు బిగించేటప్పుడు మరను ఒక చుట్టు ఎక్కువే తిప్పాను.

ఆరిన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నం చూస్తే బల్ల మీద లేదు. పెద్దది వంటింటి గడపలో కూర్చుని చదువుతోంది. వాళ్ళమ్మ దాన్ని దాటుకుంటూ నీళ్ళు తెచ్చుకుంది, లెమ్మనలేదు. సాయంత్రానికి పుస్తకం అయిపోయింది. పెద్దది లేచి లోపలికి వెళ్ళి, కిటికీ పక్కనున్న తన దిండు తీసి గోడ పక్కకు వేసుకుంది. చిన్నదాని దిండు కిటికీ పక్కన పెట్టింది. దులిపి మరీ పెట్టింది.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. చిన్నది గెలిచిందన్నమాట అనుకున్నాను.

ఆ వేళ అన్నం దగ్గర పెద్దది మాట్లాడింది. ఎవరూ అడక్కుండా.

“అమ్మా, ఈ భాగం రాసిన తీరు వేరు. మిగతా మూడింటికీ దీనికీ పోలిక లేదు.”

వాళ్ళమ్మ చెయ్యి ఆగిపోయింది. “అవునా” అంది. అంతకంటే ఎక్కువ మాట్లాడితే పిల్ల ఎక్కడ ఆగిపోతుందో అని భయం.

లైబ్రరీలో ఆదివారాలు చదివేవాళ్ళు కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటారు. ఆ వారం ‘నిద్రపన్ను’ అని బోర్డు మీద రాశారు. లైబ్రరీ మేడమ్ నన్ను చూసి, “బైండరు గారూ, అమ్మాయిని ఒకసారి తీసుకురాకూడదూ? మాట్లాడకపోయినా ఫరవాలేదు, కూర్చుంటుంది” అంది. ఇంటికొచ్చి చెప్పాను. పెద్దది తల దువ్వుకుంది. నాలుగో భాగం చేతిలో పట్టుకుని నాకంటే ముందు గడప దిగింది. చాలా రోజుల తరవాత ఆ పిల్ల ఒక మాట చెప్పడానికి ఇల్లు కదిలింది. ఆ మాట నిలబడితే చాలు, మిగతావి దాని వెనకే వస్తాయని నేను లోపల లోపల అనుకున్నాను.

పొడుగు బల్ల, చుట్టూ కుర్చీలు, పైన ఒక రెక్క వంకరైన ఫ్యాను. పదిమంది దాకా ఉన్నారు. అందరూ పిల్లలే, రిటైరైన పోస్టుమాస్టరు గారు తప్ప. ఆయన ఆ నాలుగు భాగాలూ రెండేసిసార్లు చదివాడు. నేను సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

“ముందు నా ఫిర్యాదు రాసుకోండి మేడమ్” అన్నాడు పోస్టుమాస్టరు. “అంత పెద్ద నగరం. కోటలున్నాయి, గోడలున్నాయి, జైళ్ళున్నాయి. ఒక్క పోస్టాఫీసు లేదు! రహస్య ఉత్తరాలన్నీ పావురాలు మోస్తాయి. పావురానికి పొరపాటున ఇంకో కిటికీ నచ్చితే తిరుగుబాటు గతేంటి?”

“తాతయ్యా, అది భవిష్యత్తు” అంది కళ్ళద్దాల పిల్ల. బడి పిల్లే, మొహంలో సగం అద్దాలే. నాలుగు భాగాలూ సొంతంగా కొనుక్కుని తెచ్చి ముందు పేర్చుకుంది.

“భవిష్యత్తయితే మాత్రం? మనుషులు ఉత్తరం ముక్క రాసుకోరా?”

నవ్వారు. అందరూ ఒక్కో మాట చెప్పారు. మొదటి భాగమే గొప్పదని ఒకరు, సినిమా తీస్తే రెండోదే తియ్యాలని ఒకరు. ఆఖరి భాగం దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే గొడవ. గొళ్ళెం చావు అన్యాయం అన్నారు.

“చంపడానికి కారణమే లేదు. బురుజు ఎవరన్నా కాల్చొచ్చు. దాన్నే పంపాలా?” అంది కళ్ళద్దాల పిల్ల. “నేను ఆ పేజీకి పిన్ను కొట్టేశాను. మళ్ళీ చదవను.”

నాకు అర్థం కాలేదు. పెద్దదాని వైపు చూశాను. పెద్దది లేచి నిలబడింది.

“నేను చెప్పొచ్చా మేడమ్?”

“చెప్పమ్మా.”

“మొదటి భాగం బాగుంది. గోడలు దగ్గరగా ఉంటాయి, మనుషులు తక్కువ. రెండోదాంట్లో రెప్ప ఇద్దరు కుర్రాళ్ళ మధ్య ఊగుతూ ఉంటుంది, సగం పుస్తకం దాకా. నిద్ర లేని మనిషికి అంత ఓపిక ఎక్కడిది? మూడోది అంతా ఉపన్యాసాలు. తిరుగుబాటు నాయకుడు మాట్లాడినా, పాలకుడు మాట్లాడినా ఒకలాగే ఉంటుంది. కావాలని రాశారో, చేతకాక రాశారో తెలీదు.”

“అద్గదీ!” అన్నాడు పోస్టుమాస్టరు.

“ఇంకొకటి. రాసినవాళ్ళకి నిద్ర లేకపోవడం అంటే తెలీదు. పుస్తకంలో నిద్ర లేనివాళ్ళందరికీ కోపం వస్తుంది. కోపం రాదు. ఏమీ రాదు. చెంచా చేతిలో పట్టుకుని చెంచా కోసం వెతుకుతాం. అంతే.”

ఫ్యాను వంకర రెక్క టకటక కొట్టుకుంటోంది.

“అయినా నాలుగో భాగం దగ్గర నేను అన్నీ క్షమించేశాను. ఎందుకంటే గొళ్ళెం చచ్చిపోయిందని చెప్తారు, అందరూ ఏడుస్తారు, దీపాలు ఆర్పేస్తారు. తెల్లవారి రెప్ప బయటికొచ్చి చూస్తే గోడ మీద గొళ్ళెం కూర్చుని ఉంటుంది, కాళ్ళు ఊపుకుంటూ. ఎలా బతికిందో ఒక్క ముక్క కూడా చెప్పరు. ఇంకొకరైతే పది పేజీలు సంజాయిషీ రాసేవాళ్ళు. వీళ్ళు రాయలేదు. కూర్చుని ఉంది, అంతే. నాకు అది గొప్పగా అనిపించింది.”

బల్ల చుట్టూ మొహాలు మొహాలు చూసుకున్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి” అన్నాడు పోస్టుమాస్టరు, సరదాగానే. “ఏ పుస్తకం చదివావమ్మా తల్లీ? గొళ్ళేన్ని బతికించిన మహానుభావుడెవరు?”

“ఇదే పుస్తకం తాతగారూ.”

కళ్ళద్దాల పిల్ల తన పుస్తకం చివర తెరిచింది. “అక్కా, గోడ మీద ఎవరూ ఉండరక్కా. చూడు. ‘రెప్ప బయటికి వచ్చి తల ఎత్తింది. గోడ మీద ఎవరూ లేరు.’ అదే కదా ఆఖరి అధ్యాయం.”

“మా దాంట్లో ఉంది” అంది పెద్దది. తన చేతిలోది తెరిచి బల్ల మీద పెట్టింది. పేజీ వెతుక్కోలేదు. తెరవగానే అక్కడే తెరుచుకుంది.

మేడమ్ వంగి రెండూ చూసింది. ఈ పుస్తకంలో ఒక పేజీ, ఆ పుస్తకంలో ఒక పేజీ. మడత దగ్గర వేలు పెట్టి కుట్టు చూసింది. తరవాత తలుపు వైపు చూసింది. “బైండరు గారూ” అంది మెల్లగా. నాకు అర్థమైంది. పళ్ళెం కింద ఫారం.

పోస్టుమాస్టరుకూ అర్థమైంది. ఆయనకు మా ఇంటి సంగతి తెలుసు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “అసలు ఇలాగే బాగుంది. ఇలాగే రాయాల్సింది” అన్నాడు. ఆ మాటకు కళ్ళద్దాల పిల్ల తన పుస్తకం మూసేసింది. నవ్వితేనే నయంగా ఉండేది.

“కూర్చోనా మేడమ్?” అంది పెద్దది.

కూర్చుంది. మిగతావాళ్ళు మాట్లాడినంతసేపూ వింది. లేచేటప్పుడు కుర్చీ శబ్దం కాకుండా లోపలికి జరిపింది. మేడమ్ పుస్తకం నా సంచిలో పెట్టి, “తొందరేం లేదండీ. వరసలో పిల్లలున్నారు గానీ, ఆగుతారు” అంది.

దారిలో కొట్టు దగ్గరకు వచ్చాక పెద్దది ఆగింది.

“టీపొడి తెమ్మంది అమ్మ.”

కొన్నాం. ఇంటికి వచ్చాం.

ఆ పుస్తకం నేను విప్పలేదు. పని గదిలో మూల, వేరే పుస్తకాల కింద పెట్టాను. మర్నాడు ఒక లెక్కల పుస్తకం కుట్టాను, ఆ మర్నాడు ఒక తోటపని పుస్తకం. పెద్దది మళ్ళీ “ఆ”, “ఊహూఁ” దగ్గరికి వచ్చేసింది. కానీ పొద్దున్నే ఒకసారి గుమ్మం దాకా వచ్చి మూలకు చూసి వెళ్ళేది. పుస్తకం ఉందా, విప్పానా అని. దిండ్లు మాత్రం అలాగే ఉన్నాయి. తను గోడ పక్క, కిటికీ పక్క ఖాళీ.

నా భార్య జిగురు కలుపుతూ అంది, “అలాగే ఇచ్చెయ్యరాదూ. ఒక్క పుస్తకం అలా ఉంటే కొంప మునిగిపోతుందా?”

“చదివేవాళ్ళున్నారు.”

“ఉంటే? ఆ పోస్టాయన బాగుందన్నాడుగా. దాన్ని ఒకసారి పోగొట్టుకున్నాం. ఇప్పుడు పుస్తకంలోంచి కూడా తీసెయ్యాలా మీ చేత్తో?”

నేను దారం కొరికాను.

“నేను కావాలని పెట్టలేదు” అంది.

“తెలుసు.”

“పళ్ళెం కింద ఉండిపోయింది.”

“తెలుసు.”

చిన్నది ఉంటే ఆ తప్పు పట్టేసేదా అంటే చెప్పలేను. నేను తరవాత పుస్తకం తీసి మెల్లగా కూడబలుక్కుని చూశాను. మాటకు మాట అతికింది. ఎక్కడా కుంటలేదు. కొన్ని తప్పులు అలా పడతాయి. ఒప్పుకంటే నున్నగా.

వారం తిరిగేలోపు లైబ్రరీ సంచి మళ్ళీ వచ్చింది. అడుగున ఒక చీటీ. నాలుగో భాగం కోసం ఎవరో పిల్ల రోజూ వచ్చి అడుగుతోందట, వీలు చూసుకోమని మేడమ్ రాసింది. చీటీ చదివి ప్రెస్సు మీద పెట్టాను. నేను పెరట్లో చేతులు కడుక్కుని వచ్చేసరికి పెద్దది పని గదిలో ఉంది. చాప పరిచింది. పుస్తకం మూలలోంచి తీసి చాప మీద పెట్టి, తను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది.

“విప్పు నాన్నా.”

నేను నిలబడ్డాను.

“ఎవరో పిల్ల రోజూ వస్తోందిగా. విప్పు.”

అట్ట ఊడదీశాను. జిగురు గట్టిగానే పట్టింది, కొత్తది కదా. కత్తి మొనతో కుట్లు ఒక్కొక్కటే తెంపాను. ఫారాలు విడివిడిగా చాప మీదికి వచ్చాయి. పెద్దది కట్ట ముందుకు లాక్కుని మొదటిది తీసుకుంది. ఆఖరి మాట చదివింది.

“చీకటి.”

ఆగింది. అలవాటు. ఆ మాట తరవాత ఎప్పుడూ రెండో గొంతు ఉండేది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నా భార్య గుమ్మంలోకి వచ్చి తలుపుకు ఆనుకుంది.

చిన్నది కూర్చునే చోట నేను కూర్చున్నాను. రెండో ఫారం తీసుకుని వెలుతురుకు పెట్టాను.

“పడింది” అన్నాను.

అతికింది. ఫారం పక్కన పెట్టాను. పెద్దది తరవాతిది తీసుకుంది. నేను చదవడానికి టైము పడుతుంది. వత్తులున్న చోట ఆగుతాను. తను తొందర పెట్టలేదు. అలా పోతూ ఉన్నాం. పోతూ పోతూ చివర్లోకి వచ్చాం.

“మెట్ల చివర” అంది పెద్దది.

ఇక్కడే తప్పు జరిగింది. ఇక్కడ నా చేతికి బురుజు ఫారం వచ్చింది, మొదటి మాట ‘బురుజు కాలుతోంది’. అదీ అతుకుతుంది. చాప మీద ఇంకా మూడు ఫారాలున్నాయి. పెద్దదే చెయ్యి చాపి వాటిలోంచి ఒకటి తీసి నాకిచ్చింది.

“గొళ్ళెం కూర్చుని ఉంది” అని చదివాను.

తను తల ఊపింది. ఆ ఫారంలో ఏముందో నాకిప్పుడు తెలుసు. గొళ్ళెం గోడ మీద కూర్చుని రెప్పతో అంటుంది, పన్ను తీసేసిన రోజున వారం రోజులు నిద్రపోతాను, ఎవరన్నా లేపారో చంపేస్తాను అని. పెద్దది ఆఖరి మాట చదివింది.

“కిందికి దూకి చూస్తే.”

“బురుజు కాలుతోంది.”

దాని తరవాతది ఏడుపు ఫారం, దీపాలు ఆర్పేది. అదీ అతికింది. పెద్దది దాన్ని చేతిలో తిప్పి ఆఖరి పేజీ తీసింది.

“గోడ మీద” అంది.

చాప మీద ఒక్కటే మిగిలింది. తీసుకున్నాను. మొదటి మాట ఏమిటో చూడక్కర్లేదు, అయినా చూశాను. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దది నా మొహంలోకి చూస్తోంది. నేను చదవకపోతే ఊరుకునేదే. ఆ పిల్ల నన్ను బలవంతం చేసేది కాదు.

“ఎవరూ లేరు” అన్నాను.

పెద్దది ఆ ఫారం నా చేతిలోంచి తీసుకుని కట్ట మీద పెట్టింది. అంచులు నేలకు తట్టి సమానం చేసింది.

“నాకు చదివినప్పుడే తెలుసు నాన్నా” అంది. “గొళ్ళెం చెప్పులు బురుజు కింద విడిచి లోపలికి వెళ్తుంది. ఉత్త కాళ్ళతో. గోడ మీద కూర్చున్నప్పుడు చెప్పులున్నాయి.”

“మరి ఆదివారం...”

“పందెం కదా. గెలవనిద్దామనుకున్నా.”

కట్టను నా వైపు జరిపింది. “దానికి ఊరికే గెలిపిస్తే నచ్చదు. గొడవ పెట్టుకుంటుంది” అంది. తరవాత అంది, “నేనే గెలిచాను.”

దారం తీసి మైనం రాశాను.

“ఈ కథలో” అన్నాను, “నాలుగు భాగాల్లో ఒక్కళ్ళూ బట్టలు ఉతుక్కోరు.”

పెద్దది నన్ను చూసింది. ముక్కులోంచి గాలి వదిలింది. నవ్విందని అనలేను. గుమ్మం దగ్గర వాళ్ళమ్మ మాత్రం కొంగు తీసి, “గొళ్ళెం ఒకసారి సాక్సు ఉతికింది. మూడో భాగంలో. చిన్నది చెప్పింది నాకు” అంది.

“నిజమే” అంది పెద్దది.

కుట్టడం మొదలుపెట్టాను. పెద్దది ఫారాలు ఒక్కొక్కటే అందించింది. అట్ట వేసి ప్రెస్సులో బిగించేటప్పటికి పొద్దు వాలింది.

మర్నాడు ఎండ వచ్చాక వాళ్ళమ్మ గది గుమ్మంలో నిలబడి నన్ను చెయ్యి ఊపి పిలిచింది. వెళ్ళి చూశాను. పెద్దది మంచానికి అడ్డంగా పడుకుని ఉంది. తల గోడ వైపు, కాళ్ళు కిటికీ వైపు. దిండ్లు రెండూ కింద పడి ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, గురక కూడా వస్తోంది.

“టీ చల్లారిపోతోంది, లేపనా?” అంది.

“లేపకు” అన్నాను.